జెమెలి నెమ్మది పరుగు

కొండ అంచున ఉన్న మా ఇటెన్ ఊళ్ళో పరిగెత్తేవాళ్ళని ఎవరూ తలతిప్పి చూడరు. తెల్లారేసరికి ఎర్రమట్టి దారుల నిండా వాళ్ళే. పాల క్యాన్లు మోసుకెళ్ళేవాళ్ళు గొణుక్కుంటూ పక్కకి తప్పుకుంటారు. అలాంటి ఊళ్ళో ఒక పిల్ల పరిగెత్తుతుంటే జనం ఆగి మరీ చూసేవారు. ఆ పిల్ల పేరు జెమెలి. వాళ్ళని ఆపింది ఆమె వేగం కాదు, అది లేకపోవడం.

తండ్రి లబాన్ కిమోసోప్ ఐరోపాలో ఒక పెద్ద మారథాన్ రెండుసార్లు గెలిచినవాడు. తల్లి ఫిలిస్టా క్రాస్ కంట్రీలో, అంటే పొలాలూ గుట్టలూ దాటుకుంటూ సాగే పరుగులో, ప్రపంచ పోటీల వెండి పతకం తెచ్చినావిడ. ఈ ఇద్దరి కూతురు మా కప్‌సీరో హైస్కూల్లో చేరిన రోజే హెడ్మాస్టరు నన్ను పిలిచి పరుగు జట్టు జాబితా చేతిలో పెట్టారు. నేను అప్పట్లో కిస్వాహిలి భాష చెప్పేవాణ్ణి, పరుగు జట్టునీ చూసేవాణ్ణి. జాబితాలో మొదటి పేరు నేను చూసేసరికే రాసి ఉంది.

"పరీక్ష పెట్టకుండానా సార్?" అన్నాను.

"కంగోగో మాస్టారూ, లబాన్ కూతురికి పరీక్ష పెట్టామంటే ఊళ్ళో మనం తలెత్తుకు తిరగగలమా?" అన్నారాయన.

అయినా పెట్టాను. ఐదు కిలోమీటర్లకి ఇరవై నాలుగు నిమిషాలు పట్టింది. ఇంకో ఊళ్ళో అయితే చప్పట్లు కొట్టేవారేమో. మా ఊళ్ళో బడికి ఆలస్యమైన పిల్లలు పుస్తకాల సంచీ వేసుకుని ఆ వేగంతో వస్తారు. నా గడియారం చెడిపోయిందేమోనని చెవి దగ్గర పెట్టుకుని చూశాను. జెమెలి మాత్రం చెమట తుడుచుకుంటూ నవ్వుతూ వచ్చి, "మాస్టారూ, ఇంకో చుట్టు తిరిగి రానా?" అని అడిగింది. పరిగెత్తాక ఇంకో చుట్టు అడిగిన పిల్లని అప్పటికి పదహారేళ్ళ నా ఉద్యోగంలో అదే చూడడం.

మొదటి పోటీలో నలభై ఏడో స్థానం వచ్చింది. ఊరు దాన్ని ఒప్పుకోలేదు. "దాచుకుంటోంది" అన్నారు చాయ్ దుకాణం దగ్గర. "వాళ్ళ నాన్న కూడా అంతే, చివరి రెండు కిలోమీటర్లదాకా బయటపడేవాడు కాదు" అన్నాడు మటాటు వ్యాను డ్రైవరు. రెండో పోటీలో యాభై రెండో స్థానం వచ్చింది. "చూశారా, ఇంకా లోతుగా దాచుకుంటోంది" అన్నారు.

జట్టులో ఇంకో విజేత కూతురు ఉంది. జెరోటిచ్. ఆమె తండ్రి కిబోర్ అడ్డంకుల పరుగులో ఒకప్పుడు దేశానికే మొదటివాడు. జెరోటిచ్ గాలిలా పోయేది. నా జట్టు నిలిచింది ఆ పిల్ల కాళ్ళ మీదే. అయితే పోటీకి ముందు ప్రతిసారీ బడి వెనక్కి వెళ్ళి వాంతి చేసుకునేది. కిబోర్ రోజూ సాధనకి రెండు స్టాప్‌వాచీలతో వచ్చేవాడు. రెండెందుకని అడిగితే, "ఒకటి ఆగిపోతే?" అన్నాడు.

మంచి కాళ్ళు దక్కిన పిల్లకి పరుగంటే భయం, పరుగంటే ప్రాణం పెట్టే పిల్లకి మామూలు కాళ్ళు. ఆ పంపకం చేసినవాడు ఎవడో కానీ, నా జాబితా చూసి చేయలేదు.

ఏప్రిల్ సెలవులకి ముందు లబాన్ నన్ను రాత్రి భోజనానికి పిలిచాడు. మొక్కజొన్న పిండితో చేసిన ఉగాలి ముద్ద, మేక మాంసం, పుల్లటి ముర్సిక్ పాలు. ముద్ద నోట్లో పెట్టుకోకముందే అసలు విషయానికి వచ్చాడు.

"మాస్టారూ, తప్పంతా సుఖానిది. కారులో బడికి, కారులో ఇంటికి. నేను అలా పెరిగానా? రోజూ పది కిలోమీటర్లు పరిగెత్తి బడికెళ్ళాను. కడుపు కాలితే కాళ్ళు వాటంతటవే కదులుతాయి."

ఆ పది కిలోమీటర్ల మాట మేమందరం రేడియోలో, పేపర్లో ఎన్నోసార్లు విన్నదే.

"నాన్నా, నేను బాగానే పరిగెత్తుతున్నాగా" అంది జెమెలి.

"యాభై రెండో స్థానం బాగుండడమా?"

"స్థానం కాదు నాన్నా. పరుగు బాగుంది."

లబాన్ నావైపు చూశాడు, ఈ పిల్ల ఏ భాష మాట్లాడుతోందో చెప్పమన్నట్టు. అప్పటిదాకా గిన్నెలు సర్దుతున్న ఫిలిస్టా వెనక్కి తిరక్కుండానే అంది: "దానికి పరిగెత్తడమంటే ఇష్టం. మనిద్దరికీ ఎప్పుడైనా ఉందా అది? నువ్వు పొలం కోసం పరిగెత్తావు, నేను ఆవుల కోసం పరిగెత్తాను. రెండూ వచ్చాయి, మానేశాను. దాన్నలా వదిలెయ్."

లబాన్ వదల్లేదు. సెలవులకి కూతుర్ని కెరియో లోయలో ఉన్న తన తల్లి దగ్గరికి పంపించి, తను పెరిగినట్టే పెంచుతానన్నాడు. వాగు నుంచి నీళ్ళు మోయాలి, మేకల వెంట తిరగాలి, గుట్టలెక్కాలి. సాధన పట్టిక రాసివ్వడానికి నన్నూ బండెక్కించాడు. కొండ అంచు నుంచి వంకర్లు తిరుగుతూ దిగాం. చల్లగాలి పోయి ఎండ మొహానికి కొట్టింది.

అవ్వ ఇంటి ముందు కొళాయి ఉంది. వంటింట్లో గ్యాసు పొయ్యి, వసారాలో టీవీ, చెట్టు కింద కొత్త మోటారుబండి. అన్నీ లబాన్ గెలిచిన డబ్బుతో కొనిచ్చినవే. కొనిచ్చినవాడే వాటిని మొదటిసారి చూస్తున్నట్టు నిలబడిపోయాడు.

"అమ్మా, ఈ నెలరోజులూ కొళాయికి తాళం వేద్దాం" అన్నాడు.

ఎనభై ఏళ్ళ ఆవిడ చేతికర్ర నేలకి ఆనించి కొడుకుని పైనుంచి కిందికి చూసింది. "ఏంటీ?"

"పిల్ల వాగు నుంచి నీళ్ళు మొయ్యాలి. కష్టం తెలియాలి. నేను మొయ్యలేదూ?"

"ఎవరు, నువ్వా?" అవ్వ గొంతు పక్కింటిదాకా వినబడింది. "ఒరే లబానూ, నీళ్ళు మోసింది నేనూ, నీ అక్కలిద్దరూ. నువ్వు మామిడిచెట్టు కింద పడుకునేవాడివి. నలభై ఏళ్ళు మోస్తే నా మెడ ఇలా తయారైంది. ఇప్పుడు తాళమేస్తావా? వెయ్యి, నీ మెడ ఎలా తయారవుతుందో చూపిస్తాను."

"సరే, బడికైనా నడిచి..."

"బడి ఎక్కడుందిరా? మన మేకలదొడ్డి వెనకేగా! గంట కొడితే ఇక్కడికి వినబడేది. అయినా రోజూ ఆలస్యమే. మాస్టారు బెత్తం పట్టుకుని వెంటబడితే అప్పుడు పరిగెత్తేవాడివి."

వసారాలో కూర్చున్న జెమెలి ముందు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, తర్వాత ఆపుకోలేకపోయింది. నేను సాధన పట్టిక మీద తల వంచుకుని, రాయడానికేమీ లేకపోయినా గీతలు గీశాను. లబాన్ బండెక్కాడు. కొండ పైకి వచ్చాక, "మాస్టారూ, ఆ బడి సంగతి ఊళ్ళో అనకండి" అన్నాడు. అనలేదు. ఆ మర్నాడు రేడియోలో ఆయన బడి దూరం పన్నెండు కిలోమీటర్లయింది.

నెల తర్వాత జెమెలి మూడు కిలోలు పెరిగి, మోటారుబండి నడపడం నేర్చుకుని తిరిగొచ్చింది. రోజూ సాయంత్రం తనంతట తను గుట్టెక్కి దిగేదట, ఎవరూ చెప్పకుండానే. ఐదు కిలోమీటర్లకి పట్టే సమయం పెద్దగా మారలేదు. ఇరవై మూడు నిమిషాల యాభై సెకన్లు.

జూన్‌లో కౌంటీ పోటీ, అంటే జిల్లా స్థాయిది. ఒక్కో బడి నుంచి మొదటి నలుగురి స్థానాలు కూడతారు. ఎవరి మొత్తం తక్కువైతే వాళ్ళు పైన. మొదటి మూడు బళ్ళు పైపోటీకి వెళ్తాయి. నా నాలుగో అమ్మాయికి పోటీ ముందురోజు చీలమండ మడతపడింది. దాంతో లెక్కలోకి వచ్చే నాలుగో స్థానం జెమెలికి దక్కింది. హెడ్మాస్టరు సంతోషించారు.

పరుగు ఆరు కిలోమీటర్లు. మూడో కిలోమీటరు దాకా జెరోటిచ్ అందరికంటే ముందుంది. కిబోర్ మలుపు మలుపుకీ అడ్డంగా పొలాల్లోంచి పరిగెత్తుకొచ్చి, "ఇంకా! ఇంకా! పోయినసారికంటే నాలుగు సెకన్లు వెనకబడ్డావ్!" అని అరుస్తున్నాడు. నేను నాలుగో కిలోమీటరు దగ్గర కంచె పక్కన నిలబడి ఉన్నాను. జెరోటిచ్ నా ముందుకొచ్చి, ఆగి, గడ్డిలో కూర్చుంది.

"లేమ్మా" అన్నాను.

"నేను పరిగెత్తను మాస్టారూ. ఇంక పరిగెత్తను."

నేను ముట్టుకుంటే ఆమెని పోటీలోంచి తీసేస్తారు. చేతులు వెనక్కి కట్టుకుని బతిమాలాను. ఒక్కొక్కరూ మమ్మల్ని దాటిపోతున్నారు. పది, ఇరవై, ముప్పై. కిబోర్ ముందు మలుపులో ఎదురుచూస్తూ ఉండి ఉంటాడు, రెండు గడియారాలతో. అప్పుడు జెమెలి వచ్చింది, మామూలుగా, ఎక్కడికో చుట్టపుచూపుకి వెళ్తున్నట్టు.

"ఏమైందే?" అంది, ఉన్నచోటే కాళ్ళాడిస్తూ.

"ఇంటికెళ్ళిపోతాను."

"వెళ్దాం. వ్యాను ఎక్కడుంది? ముగింపు గీత దగ్గరేగా. నడిచినా అటే పోవాలి. నడిస్తే అరగంట పడుతుంది, ఈ ఎండలో నేను నడవను. రా."

జెరోటిచ్ ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసింది. తర్వాత లేచింది. ఇద్దరూ పక్కపక్కన జెమెలి వేగంతోనే బయలుదేరారు. ముందు మలుపులో కిబోర్ నోరు తెరవబోతే జెమెలి, "నమస్కారం బాబాయ్, కాస్త దారివ్వండి" అందట. ఆయన నిజంగానే పక్కకి జరిగాడట. ఆరు వందల మీటర్లు మిగిలాయనగా జెరోటిచ్ నవ్వుతూ ముందుకి దూసుకుపోయింది. ఆమెకి ఇరవై రెండో స్థానం, జెమెలికి ముప్పై ఏడు. రెండు పాయింట్ల తేడాతో మా బడికి మూడో స్థానం.

మర్నాడు ఊళ్ళో ఆ విజయానికి చాలామంది సొంతదారులు తేలారు. కూతుర్ని మధ్యలో కూర్చోబెట్టి ఊపిరి పీల్చుకోనివ్వడం తన ఎత్తుగడేనన్నాడు కిబోర్. లోయ నీళ్ళ మహిమ అన్నాడు లబాన్. రక్తం ఊరికే పోదన్నారు చాయ్ దుకాణంవాళ్ళు. హెడ్మాస్టరు నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడినందుకు వచ్చిన ఆ పత్రాన్ని నేను వద్దనలేదు, ఫ్రేము కట్టించాను. జెమెలి ఏమైనా చెబుతుందేమోనని అడిగితే, "ఎండగా ఉంది మాస్టారూ" అంది.

చదువయ్యాక జెరోటిచ్ ఎల్డొరెట్‌లో బ్యాంకు ఉద్యోగంలో చేరింది. లిఫ్టు పాడైతే కింది అంతస్తులోనే ఎదురుచూస్తుందని చెబుతారు. మనిషి ఒళ్ళు చేసింది, హాయిగా ఉంది.

జెమెలి ఊళ్ళోనే ఉండిపోయింది. మా ఊరి ఎత్తులో, ఇక్కడి పలచటి గాలిలో పరిగెత్తడానికి ఎక్కడెక్కడినుంచో విదేశీయులు వస్తుంటారు. వాళ్ళని లబాన్ నడిపే సాధన శిబిరంలోని కుర్రాళ్ళతో పంపితే మొదటి మలుపులోనే వెనకబడి దారి తప్పేవారు. ఒకాయన్ని మొక్కజొన్న చేలోంచి వెతికి బోడా అనే అద్దె మోటారుబండి మీద ఎక్కించుకొచ్చారు. వాళ్ళ ఊపిరికి సరిపోయేలా పరిగెత్తగలిగే మనిషి ఊరంతా గాలిస్తే ఒక్కతే దొరికింది. మిగతావాళ్ళకి నెమ్మదిగా పోవడం చేతకాదు, చేతనైనా సిగ్గు. ఇప్పుడు ఆమె వెంట వెళ్ళడానికి ఆరు నెలల ముందే పేర్లు రాయించుకుంటున్నారు. విజేత కూతురివి కదా, నీ వేగమెంత అని ఎవరైనా అడిగితే, "మీకంటే కాస్త ఎక్కువ" అంటుంది.

పోయినేడు లబాన్ మోకాలికి ఆపరేషనైంది. పరిగెత్తాలంటే నెమ్మదిగానే పరిగెత్తాలన్నాడు డాక్టరు. ఆ పని ఆయనకి ఎవరూ నేర్పలేదు. రెండు వారాలు ఇంట్లో గోడలకేసి చూస్తూ గడిపి, మూడో వారం కూతురి గుంపులో చివర నిలబడ్డాడు. నేనూ ఆ రోజు ఉన్నాను. రిటైరయ్యాక నాకూ ఆ గుంపే సరిపోతోంది.

"నాన్నా, ముందుకి పోకు" అని కేకేసింది జెమెలి, మూడుసార్లు. నాలుగోసారికి ఆయన మా వరసలోకి వచ్చాడు. పాల కేంద్రం దాటాక కుడివైపు చూసి తెల్లబోయాడు.

"మాస్టారూ, ఇక్కడ చర్చి ఎప్పుడు కట్టారు?"

"పన్నెండేళ్ళైంది లబాన్. మీరు రోజూ పరిగెత్తిన దారేగా. శంకుస్థాపనకి మీరే వచ్చారు."

ఆయన చర్చి దాటేదాకా దానికేసే చూస్తూ పరిగెత్తాడు.