కుడివైపు ముందు చక్రం

చంద్రిక కారు గంటకు అరవై కిలోమీటర్ల వేగం దాటగానే మోగడం మొదలుపెట్టేది. అది కీచుమనే శబ్దం కాదు, టకటకలాడే శబ్దమూ కాదు. దూరాన పిండిమర ఆడుతున్నట్లు వినిపించే ఎడతెగని హోరు. వేగం పెరిగితే పెరిగేది, తగ్గితే తగ్గేది. వెనక సీటులో కూర్చున్న ఐదేళ్ళ ఈషా ఆ క్షణాన్ని ఏనాడూ జారవిడిచేది కాదు.

“మామా, యెట్‌స్ట్!” అని అరిచేది. జర్మన్‌లో ‘అమ్మా, ఇప్పుడు’ అని.

“వినపడుతోందిలే తల్లీ. నువ్వు చెప్పకపోయినా వినపడుతోంది.”

ఈషా నవ్వి, పెదవులు బిగించి, తానూ ఆ హోరుతో శ్రుతి కలిపేది. చంద్రిక మాత్రం స్టీరింగును గట్టిగా పట్టుకుని, ముందున్న లారీకి ఇంకొంచెం ఎడంగా జరిగేది.

చంద్రికది రాజమండ్రి. జర్మనీలో సాక్సనీ రాష్ట్రంలోని ఫ్రైబర్గ్‌లో లోహశాస్త్రంలో మాస్టర్స్ చేసింది. కరీంనగర్ వాడైన విక్రాంత్‌ను పెళ్ళాడి, అతని సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఉన్న పాడర్‌బోర్న్‌కు వెళ్ళి, పాప పుట్టిన తరువాత నాలుగేళ్ళు ఇంట్లోనే ఉండిపోయింది. ఆ నాలుగేళ్ళలో ఆమె పంపిన దరఖాస్తులకు వచ్చిన సమాధానాలన్నీ ఎంతో మర్యాదగా ఉండేవి, అన్నీ ఒక్కలాగే ఉండేవి. చివరికి ఈ జూన్‌లో ఎర్లాంగెన్‌లోని ఒక పరీక్షాశాల ఆమెను పిలిచింది. విరిగిన బోల్టులను, పగిలిన పళ్ళచక్రాలను సూక్ష్మదర్శిని కింద చూసి, అవి ఎందుకు విరిగాయో నివేదిక రాయడం ఆమె పని. ఆరు నెలలు ప్రొబేషన్. డిసెంబరు పదిహేనున తేలుతుంది.

ఎర్లాంగెన్‌లో ఇల్లు దొరకలేదు. ఇరవై ఆరు కిలోమీటర్ల దూరంలోని ఒక పల్లెలో దొరికింది. పాపకు కిటాలో, అంటే బడికి వెళ్ళే వయసు రాని పిల్లలను చూసుకునే చోట, ఆ పల్లెలోనూ స్థానం దొరకలేదు. పక్క పల్లెలో దొరికింది. ఆ రెండింటి మధ్య తిరిగే బస్సు, కిటా తలుపు తెరవకముందే వెళ్ళిపోయేది. ఊరు మారితే కిటా పోతుంది. కిటా పోతే ఉద్యోగం పోతుంది. ఈ రెండూ నిలవాలంటే కారు నిలవాలి. ఎనిమిదేళ్ళ నాటి ఆ కారు మీద మూడు ప్రాణుల ఏర్పాటు అంతా ఆనుకుని ఉన్నది. విక్రాంత్ శుక్రవారం రైలెక్కి వచ్చి, ఆదివారం రైలెక్కి వెళ్ళేవాడు.

కిటా ఏడున్నరకు తెరుస్తారు. కార్యాలయంలో సమావేశం ఎనిమిదీ పావుకు. బూట్లు విప్పించి, ఇంటి చెప్పులు తొడిగి, పాపను టీచరుకు అప్పగించేసరికి పది నిమిషాలు ఎలా పోయేవో తెలిసేది కాదు. సెప్టెంబరులో జరిగిన మధ్యంతర సమీక్షలో బృందనాయకుడు వైగెల్ట్ ఆమె నివేదికలను తప్పుపట్టలేదు. “మీ పని బాగున్నది. కాని మా దగ్గర ఎనిమిదీ పావు అంటే ఎనిమిదీ పావే,” అన్నాడు. ఆ మాట అన్న తీరులో కోపం లేదు. అందుకే ఆమెకు ఎక్కువ భయం వేసింది.

హోరు ఆగస్టులో మొదలయింది. చంద్రిక దాన్ని ఫోనులో రికార్డు చేసి, ఎర్లాంగెన్ తెలుగు కుటుంబాల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. గంటలో పదకొండు జవాబులు వచ్చాయి. తొమ్మిదింటిలో ఒకే మాట: వీల్ బేరింగు. ఇరవై ఏళ్ళుగా అక్కడే ఉన్న భాస్కరరావు గారు నేరుగా ఫోను చేశారు. ఆయనది తెనాలి, కంప్యూటర్ల వృత్తి, గ్రూపులో ఎవరి ఇంట్లో గీజరు చెడినా ముందు ఆయనకే కబురు వెళ్ళేది.

“అమ్మాయ్ చంద్రికా, ఆడియో విన్నాను. డౌటే లేదు, బేరింగు పోయింది. మా పాత బండీ అచ్చం ఇట్టాగే ఏడ్చేది.”

“ఏ చక్రానిదంటారు బాబాయ్ గారూ?”

“నీకు ఎటునించి వస్తంది?”

“కుడివైపు ముందు నుంచి అనిపిస్తోందండీ.”

“అయితే అదే. చూడూ, షెడ్డుకెళ్ళి ‘ఏదో సౌండొస్తందండీ’ అని నసగమాకు. మనకేం తెలీదని కనిపెట్టారంటే, టెర్మిన్ మీద టెర్మిన్ ఇచ్చి తిప్పుతారు. ఏం మార్చాలో కాయితం మీద రాసి చేతిలో పెట్టు. నోరెత్తకుండా మారుస్తారు.”

చంద్రిక నాలుగు వాక్యాల జర్మన్ ఉత్తరం రాసింది. ఒక్క విభక్తి కూడా తప్పకుండా, రెండుసార్లు చదివి సరిచూసుకున్నది. కుడివైపు ముందు చక్రపు బేరింగు మార్చవలసినదిగా కోరుతున్నాను, అని అందులో సారాంశం. మూడు వారాలకు టెర్మిన్, అంటే షెడ్డువాళ్ళు రమ్మని ఇచ్చే తేదీ, దొరికింది. పల్లె చివరనున్న చిన్న షెడ్డు అది. యజమాని బ్రాండ్ల్ అనే అరవై ఏళ్ళ మనిషి. ఆయన ఉత్తరం చదివి, తల ఊపి, బేరింగు మార్చాడు. రెండు రోజులు కారు లేదు. పాపను ఇంట్లోనే ఉంచుకుని పనిచేయవలసి వచ్చింది. మూడో రోజు ఉదయం రోడ్డెక్కగానే ఈషా “యెట్‌స్ట్!” అన్నది.

“అయితే ఎడందే అమ్మాయ్,” అన్నారు భాస్కరరావు గారు, ఏమాత్రం తొణక్కుండా. “సౌండు అటు తగిలి ఇటు కొడతంది. రాసియ్యి.”

ఆమె రాసి ఇచ్చింది. ఎడమవైపు బేరింగూ మారింది. హోరు మారలేదు.

ఆ ఆదివారం విక్రాంత్ రైలుకు బయలుదేరుతూ, సంచి భుజాన వేసుకుని గుమ్మంలో ఆగిపోయాడు.

“గా కార్ల నువ్వు పోవుడు నాకు మంచిగనిపిస్తలేదు చంద్రికా. చక్రం ఊడిపోతే ఏం గావాలె? పిల్ల ఉంటదండ్ల.”

“మరి నన్నేం చెయ్యమంటావ్?”

“ఇడిసిపెట్టు. ఇద్దరు పాడర్‌బోర్న్ వచ్చెయ్యుండ్రి. నా జీతం సాలదా మనకు?”

“చాలుతుంది. నాలుగేళ్ళు చాలింది కూడా.”

“నేనేమన్న తప్పన్ననా?”

“లేదులే. రైలు పోతుంది, వెళ్ళు.”

అతడు తప్పేమీ అనలేదు. ఆమె భయపడుతున్న దానికే అతడూ భయపడుతున్నాడు. అతడు చూపినది నిజంగా తెరిచి ఉన్న తలుపే. అయితే అది ఆమె ఎక్కడి నుంచి బయటపడి వచ్చిందో ఆ గదిలోకే తెరుచుకునేది. ఆ వారమంతా ఆటోబాన్ రహదారి మీద ఆమె కుడిచేతి వరుసను వదలలేదు. లారీల వెనుక, ఎనభై వేగంతో, ఆ హోరును వింటూ, ఇంకా ఎన్ని రోజులు ఈ చక్రం నిలుస్తుందో లెక్కవేసుకుంటూ వెళ్ళేది. రేడియో పెడితే ప్రమాదం వినిపించదేమోనన్న భయం. తీసేస్తే అది తప్ప ఇంకేమీ వినిపించేది కాదు.

అక్టోబరు చివర చలికాలపు టైర్లు వేయించుకునే టెర్మిన్ వచ్చింది. చంద్రిక ఆ శుక్రవారం మధ్యాహ్నం సెలవు పెట్టి, మూడో ఉత్తరం పట్టుకుని వెళ్ళింది. అందులో వెనక రెండు బేరింగులూ మార్చమని ఉన్నది. బ్రాండ్ల్ ఆ కాగితాన్ని అందుకోలేదు. చేతులు గుడ్డతో తుడుచుకుంటూ జర్మన్‌లో అన్నాడు.

“ఏం మార్చాలో మీరు రెండుసార్లు రాసిచ్చారు. మార్చాను. అసలు మీకు ఏం వినిపిస్తోందో ఒక్కసారీ చెప్పలేదు.”

“ముందు మీరే అడగవలసింది కదా?”

“అవును, అడగవలసింది. అంత చక్కని ఉత్తరం, మీ సంతకం కింద ఇంజనీరు అని ఉండడం చూసి, ఇంజనీరు గారు చూసే రాసి ఉంటారనుకున్నాను. తాళం ఇవ్వండి. కాదు, మీరే నడపండి. నేను పక్కన కూర్చుంటాను.”

చంద్రిక మూడో ఉత్తరాన్ని మడిచి సంచిలో పెట్టుకున్నది. పరీక్షాశాలలో ఖాతాదారులు విరిగిన ముక్కతో పాటు తమ ఊహను కూడా ఉత్తరంలో రాసి పంపేవారు. ముక్కను చూడకముందు ఆ ఉత్తరం చదవకూడదన్నది అక్కడి నియమం. ఆమె ఆ నియమాన్ని నాలుగు నెలలుగా పాటిస్తూ, తన కారు టైరు వైపు ఒక్కనాడైనా వంగి చూడలేదు.

పొలాల మధ్య రోడ్డు మీద అరవై దాటింది. హోరు వచ్చింది. బ్రాండ్ల్ కళ్ళు మూసుకున్నాడు.

“ఎడమకు తిరగండి. ఇప్పుడు కుడికి. బేరింగే అయితే బరువు ఒక పక్కకు ఒరిగినప్పుడు శబ్దం మారాలి. మారిందా?”

“లేదు.”

“ముందు కొత్త తారు వేశారు. వినండి.”

నున్నని తారు మీదికి రాగానే హోరు సన్నగిల్లింది. పాత గరుకు రోడ్డు మీదికి దిగగానే మళ్ళీ బొంగురుపోయింది. ఆమె ఆగస్టు నుంచీ ఈ హోరుతో ఆ రోడ్డు మీదే తిరుగుతున్నది. భయపడుతూ విన్నదే తప్ప, ఆ తేడాను విననే లేదు.

“ఇంకొక సంగతి,” అన్నాడాయన. “మనం తిన్నగా వెళుతున్నాం. మీ చేతులెందుకు వాలి ఉన్నాయి?”

ఆమె చూసుకున్నది. స్టీరింగు ఎడమకు ఒక వేలెడు వంగి ఉన్నది. కారు తిన్నగా పోవడానికి ఆమె ఎంత కాలంగా దాన్ని అలా పట్టుకుని నడుపుతున్నదో ఆమెకే తెలియదు.

షెడ్డులో కారును లిఫ్టు మీద ఎత్తి, కుడివైపు ముందు చక్రాన్ని చేత్తో తిప్పాడు. అది చడీచప్పుడు లేకుండా తిరిగింది.

“చెయ్యి పెట్టండి. టైరు మీద, ఇలా అడ్డంగా, లోపలి నుంచి బయటికి నిమరండి.”

నున్నగా ఉన్నది.

“ఇప్పుడు బయటి నుంచి లోపలికి.”

అరచేతికి రంపపు పళ్ళలా గీరుకున్నది. లోపలి అంచున గాళ్ళు పూర్తిగా అరిగిపోయి రబ్బరు బోడిగా మెరుస్తున్నది. బయటి నుంచి చూసేవారికి అది ఎంతమాత్రం కనపడదు.

“చక్రం దారికి కొంచెం ఏటవాలుగా ఉన్నది. దొర్లుతూనే, ప్రతి అడుగునా పక్కకు ఈడ్చుకుపోతున్నది. ఎడమదీ కొంత ఇలాగే అరిగింది. మీరు వింటున్నది ఈ పళ్ళు రోడ్డును కొట్టే చప్పుడు,” అని, దీపం పెట్టి టై రాడ్‌ను చూపించాడు. స్టీరింగు నుంచి చక్రానికి వెళ్ళే ఆ ఇనుపకడ్డీ మధ్యలో కొద్దిగా వంగి ఉన్నది. ఇనుప రిమ్ము అంచున గీతలున్నాయి. ఒకటి కాదు, ఒకదాని మీద ఒకటి, చాలా. “ఇది ఒక దెబ్బ కాదు. మీరు ఎక్కడ నిలుపుతారు?”

“మా ఇంటి ముందు. చదునైన చోటే.”

ఆయన దీపం ఆర్పలేదు. దాన్ని మళ్ళీ ఆ గీతల మీదికి తిప్పాడు.

“కిటా గేటు ముందు,” అన్నది చంద్రిక. “అక్కడ కార్లు ఆపే చోటు లేదు. పార్కింగు ఫైర్ స్టేషను దగ్గర. అక్కడి నుంచి నడిస్తే అయిదు నిమిషాలు. అందుకని కుడి చక్రాలు ఫుట్‌పాత్ మీదికి ఎక్కిస్తాను. గట్టు ఎత్తుగా ఉంటుంది. కొంచెం వేగంగా వస్తే తప్ప ఎక్కదు.”

“రోజూనా?”

“పొద్దున ఒకసారి. సాయంత్రం ఒకసారి.”

బ్రాండ్ల్ నవ్వలేదు, మందలించలేదు. “ఈ రోజు చలికాలపు టైర్లు వేస్తాను. హోరు పోతుంది. మీరు సంతోషిస్తారు. వసంతం వచ్చేసరికి వీటికీ పళ్ళు మొలుస్తాయి. కడ్డీ మార్చి, చక్రాల వాటం కొలిచి సరిచేయాలి. కడ్డీ వచ్చే గురువారం వస్తుంది. అందాకా నేనైతే ఆటోబాన్ ఎక్కను. పల్లెల మీదుగా, నెమ్మదిగా వెళ్ళండి.”

పల్లెల మీదుగా అంటే మరో పావుగంట. గట్టు ఎక్కకుండా ఉంటే మరో అయిదు నిమిషాలు. సోమవారం ఆమె ఎనిమిదీ పావుకు చేరే వీలు ఏ విధంగానూ లేదు. ప్రొబేషన్ ముగియడానికి ఇంకా ఆరు వారాలున్నాయి.

షెడ్డు ముందు నిలబడి చంద్రిక ఫోనులో వైగెల్ట్‌కు సందేశం మొదలుపెట్టింది. కారు చెడిపోయినందున గురువారం దాకా ఆలస్యం కాగలదని రాసింది. చదువుకున్నది. తప్పులేమీ లేవు. నిజం కూడా సగమే ఉన్నది. దాన్ని చెరిపేసి, ఆయనకు ఫోను చేసింది. కిటా ఎన్నింటికి తెరుస్తారో, పాపను దింపడానికి ఎంతసేపు పడుతుందో, దారి ఎంతో చెప్పింది. అయిదు నిమిషాల కోసం రోజుకు రెండుసార్లు కారును గట్టు మీదికి ఎక్కించానని, దానితో ఏం వంగిందో కూడా చెప్పింది. చివరగా, గురువారం తరువాత కూడా తాను ఎనిమిదీ ఇరవైకి ముందు రాలేనన్నది.



“ఇది జూన్‌లోనే చెప్పి ఉంటే బాగుండేది,” అన్నాడు వైగెల్ట్.

“జూన్‌లో చెప్పి ఉంటే నన్ను తీసుకునేవారా?”

“తెలియదు,” అన్నాడాయన, నిజాయితీగానే. “సమావేశాన్ని వెనక్కి జరపలేను, మా పుణే శాఖ వాళ్ళు ఆ సమయానికే వీడియోలో కలుస్తారు. మీ వంతును చివరికి మారుస్తాను. డిసెంబరు గురించి ఇప్పుడు ఏమీ చెప్పలేను.”

“సరేనండి,” అన్నది ఆమె. 

సోమవారం ఫైర్ స్టేషను దగ్గర కారు నిలిపి, ఈషా చెయ్యి పట్టుకుని నడిచింది. దారిలో పాప రెండుసార్లు ఆగింది. ఒకసారి నత్త కోసం, ఒకసారి ఏమీ లేకుండానే. చంద్రిక ‘పద, పద’ అనకుండా ఉండడానికి పళ్ళు బిగబట్టవలసి వచ్చింది. పల్లెల మీదుగా కారు నిశ్శబ్దంగానే నడిచింది. ట్రాక్టరు వెనుక ఇరుక్కుని నడిచింది. ఎనిమిదీ నలభైకి ఆమె గదిలో అడుగుపెట్టేసరికి అందరూ కాగితాలు సర్దుకుంటున్నారు. వైగెల్ట్ ఆమె పేరు పిలిచాడు. కోటు విప్పకుండానే నిలబడి, తన నివేదిక చెప్పడం మొదలుపెట్టింది. ఇద్దరు తిరిగి కూర్చున్నారు. ఒకాయన లేచి వెళ్ళిపోయాడు. వైగెల్ట్ గోడ గడియారం వైపు చూసి, తన పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. ఆమె నిలుచున్న చోటి నుంచి అదేమిటో కనిపించలేదు.