ట్రే కూర్చున్న కుర్చీ

మా మామగారు పెద్ద హోటల్లో బేరర్‌గా చేసి రిటైరయ్యారు. పెద్ద హోటలంటే మాటవరసకి అనడం కాదు, నిజంగానే పెద్దది. నడిస్తే చెప్పుల చప్పుడు వినపడనంత మందం తివాచీలు, టీ తాగడానికి కూడా కోటు తొడుక్కొచ్చే మనుషులు. అందులో ఈయనది పొద్దుటి డ్యూటీ. ఇంట్లో అందరూ ముసుగుతన్ని పడుకునుండగా లేచి వెళ్లిపోయేవారు. హోటలుకి వచ్చినవాళ్లంతా తినిపోయాక, వంటగది తలుపు చాటున నిలబడి రెండు రొట్టెముక్కలు నోట్లో కుక్కుకునేవారట. లోకానికి సెలవు రోజైతే జనం మరీ ఎక్కువ కాబట్టి ఆ రెండు ముక్కలకి కూడా తీరిక ఉండేది కాదు.

మా అత్తగారికి ఉన్నది ఒకే ఒక్క కోరిక. నేను కాపురానికొచ్చిన కొత్తలోనే చెప్పారు.

"మీ మామయ్య రిటైరయ్యాక పొద్దున్నే ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని తింటాం అమ్మాయీ. మాట్లాడకపోయినా ఫర్వాలేదు. పేపరు చూసుకుంటూ తిన్నా ఫర్వాలేదు. ఎదురుగా ఉంటే చాలు."

ఇదేం కోరికండీ, ఎవరింట్లోనైనా రోజూ జరిగేదే కదా అనుకున్నాను నేను. అప్పటికి మామగారి సంగతి నాకు తెలియదు.

మా తినే బల్లకి నాలుగు కుర్చీలు. అత్తగారికొకటి, నాకొకటి, మా ఆయనకొకటి, మా అమ్మాయి బుజ్జిదానికొకటి. ఐదో మనిషి పొద్దున పూట ఇంట్లో ఉంటే కదా కుర్చీ కావాల్సింది! రిటైర్మెంటు దగ్గరపడుతోందనగా అత్తగారు వడ్రంగి దగ్గర కూర్చుని మరీ ఐదోది చేయించారు. మిగతా వాటికి లేని చేతులు దానికి పెట్టించారు. నిలబడి నిలబడి కాళ్లు పీకిన మనిషి, చేతులైనా ఆనించుకోవాలి కదా అన్నారు. దాన్ని తన కుర్చీకి సరిగ్గా ఎదురుగా వేయించి, రెండుసార్లు అటూ ఇటూ జరిపి చూసుకుని మురిసిపోయారు.

హోటలువాళ్లు మామగారికి దండ వేసి, నాలుగు మంచి మాటలు చెప్పి, ఆయన తొడుక్కున్న తెల్లకోటే ఉతికించి, మడతపెట్టి, కానుకగా ఇచ్చారు. ఏం పోయింది వాళ్ల సొమ్ము? చంకలో చిరుగుంది దానికి.

మర్నాడు పొద్దున నేను కళ్లు నులుముకుంటూ ముందుగదిలోకొచ్చి కొయ్యబారిపోయాను. బల్ల మీద తెల్లటి దుప్పటి, ముడత అన్నది లేకుండా. చేతిగుడ్డలన్నీ పక్షులైపోయి రెక్కలు చాపుకుని కూర్చున్నాయి. చెంచాలు గీత గీసినట్టు వరసగా ఉన్నాయి. మధ్యలో గాజుగ్లాసులో ఒక పువ్వు, దాని పక్కన ఒక బుల్లి ఇత్తడి గంట. మామగారు ఆ తెల్లకోటు తొడుక్కుని, మోచేతి మీద తువాలు వేసుకుని నిటారుగా నిలబడి ఉన్నారు.

"గుడ్ మార్నింగ్ సార్," అన్నారు, చిరుగుల బనీనులో ఆవలిస్తూ వస్తున్న కన్నకొడుకుతో. అని కుర్చీ వెనక్కి లాగారు.

మా ఆయన సిగ్గుపడతాడనుకున్నారా? దర్జాగా కూర్చున్నాడు.

అత్తగారు కొత్త చీర కట్టుకుని వచ్చారు. వచ్చి, తన ఎదుటి కుర్చీ చూశారు. దాని చేతుల మీద ట్రే, ట్రేలో నీళ్ల జగ్గు, టీ కెటిల్.

"భలే కుర్చీ చేయించావోయ్!" అన్నారు మామగారు సంబరంగా. "ట్రేకి కొలిచినట్టు సరిపోయింది."

ఆవిడ చేతిగుడ్డ పక్షిని విప్పి ఒళ్లో వేసుకున్నారు.

ఇక తిండి సంగతికొద్దాం. లోకంలో చాలామందికి తెలియని విషయమేమిటంటే, బేరర్‌కి వంట రానక్కర్లేదు. మామగారు తన సర్వీసులో లక్షల గుడ్లు మోసి ఉంటారు గానీ ఒక్కటి ఉడకబెట్టిన పాపాన పోలేదు. ఆ పొద్దున ఆయన వేసిన ఆమ్లెట్‌ని కత్తితో కోస్తే కత్తి వంగింది. రొట్టె ఒకవైపు బొగ్గు, రెండోవైపు పచ్చి. బొగ్గు వైపు కిందికి తిప్పి పెట్టారు, అది మాత్రం సర్వీసులో నేర్చుకున్నదే. టీ అయితే వేడినీళ్లకి టీ సంగతి ఎవరో చెవిలో చెప్పినట్టుంది. ఉప్పన్నది ఎందులోనూ లేదు. అయినా వెండి పళ్లెం తెచ్చినట్టు తెచ్చి, ఎడమవైపు నుంచి వంగి వడ్డించి, వెనక్కి ఒకడుగు వేసి, "అంతా బాగుందా మేడమ్?" అని అంత వినయంగా అడుగుతుంటే బాగాలేదని చెప్పే మగాడెవడు, ఆడదెవతె?

"చాలా బాగుందండీ," అన్నాను. నా నోరు పడిపోను.

ఆయన రుచి చూస్తేగా తెలియడానికి! బేరర్ రుచి చూడకూడదట. అత్తగారు వంటింట్లోకి పోబోతే గుమ్మంలోనే ఆపేశారు, గెస్టులు లోపలికి రాకూడదని. అలా ఇంట్లో వంటొచ్చిన ఇద్దరు ఆడవాళ్లం బల్ల దగ్గర బొమ్మల్లా కూర్చుంటే, వంటరాని మనిషి వంటింటిని ఏలాడు. మధ్యాహ్నమూ సాయంత్రమూ వంట మాదే. పొద్దుట మాత్రం హోటలు తెరిచేవారు.

వడ్డిస్తూ కబుర్లు చెప్పేవారు. గెస్టు ఏదడిగినా లేదనకూడదన్నది ఆయన వేదం. ఒకసారి ఒకావిడ తన కుక్కపిల్లకి విడిగా కుర్చీ కావాలందట. కుర్చీ వేసి, మెడకి చేతిగుడ్డ కూడా కట్టారట. "ఇన్నేళ్లలో ఒక్క గెస్టుకి కూడా లేదనలేదు," అని గుండెల మీద చెయ్యి వేసుకుని చెప్పారు. ఆ కథ విన్నప్పుడు అత్తగారు ఎదుటి కుర్చీలో ఉన్న ట్రే వంక చూశారు. నేను చూశాను ఆ చూపు. మా ఆయన చూడలేదు, గంట కొడుతున్నాడు.

అవునండీ, గంట. వెన్న గిన్నె మా ఆయన మోచేతికి తగులుతూ ఉంటుంది. అయినా గంట కొడతాడు. అరవై దాటిన తండ్రి వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి, ఆ గిన్నెని బెత్తెడు జరిపి, "ఇంకేమైనా కావాలా సార్?" అంటారు. వాళ్ల నాన్నని చూసి బుజ్జిది కూడా నేర్చింది. జామ్‌కొక గంట, చెంచాకొక గంట. పక్కింటావిడ ఒకరోజు కిటికీలోంచి చూసి, "ఎంత పెట్టిపుట్టావమ్మా, మా ఇంట్లో మగాళ్లు మంచినీళ్లు కూడా ముంచుకోరు" అని వాపోయింది. లోపలికొచ్చి ఒక ముద్ద తిని చూడమ్మా తెలుస్తుంది అందామనుకుని ఊరుకున్నాను.

అత్తగారు మాత్రం రోజూ బల్ల దగ్గరికి రాగానే ఆ కుర్చీలోంచి ట్రే తీసి కిటికీ గట్టు మీద పెట్టేవారు. మామగారు వంటింట్లోంచి వస్తూ దాన్ని తీసి మళ్లీ కుర్చీలో పెట్టేవారు. చివరికి ఒకరోజు ఆవిడ పళ్లెం ముందుకి నెట్టి చేతులు కట్టుకు కూర్చున్నారు.

"మీరు కూర్చుంటేనే తింటాను."

మొగుడన్నవాడికి ఇది అర్థం కావాలి కదా! ఈయనలో మొగుడెక్కడ? కోటులో ఉన్నది బేరర్. గెస్టు పళ్లెం నెట్టేసిందంటే ఆయనకి ఒకటే అర్థం తెలుసు. ముఖం పాలిపోయింది.

"క్షమించాలి మేడమ్, వేరేది తెస్తాను," అని పళ్లెం పట్టుకుని వెళ్లి ఇంకో గుడ్డు వేసుకొచ్చారు. అదీ ముట్టలేదు. మర్నాడు పువ్వు మార్చారు. ఆ తర్వాత, ఏదీ నచ్చని గెస్టుని కిటికీ పక్కకి మారిస్తే సర్దుకుంటారని, ఆవిడ కుర్చీని తీసుకెళ్లి కిటికీ దగ్గర వేశారు. ఎదుటి కుర్చీకి ఇంకా దూరమైపోయారు ఆవిడ. ఆ కిటికీ దగ్గర, మోకాళ్ల మీద చేతిగుడ్డ పరుచుకుని, ఖాళీ కడుపుతో వీధి చూస్తూ కూర్చున్నారు. నాకు ఏడుపొచ్చింది. ఆ వెంటనే చిర్రెత్తుకొచ్చింది.

"చూస్తున్నారా మీ అమ్మని?" అన్నాను మా ఆయనతో.

"నాన్నకి అదో సరదా, పోనీలెద్దూ," అని గంట అందుకోబోయాడు. చేతి మీద ఒక్కటి వేశాను.

తిన్నగా వంటింట్లోకి వెళ్లాను. గెస్టులు రాకూడదని ఆయన అంటున్నా వెళ్లాను.

"మామయ్యా, అత్తయ్యకి గుడ్డు నచ్చక కాదు. మీరు ఎదురుగా కూర్చుని తినాలని ఆవిడ కోరిక. ఎప్పట్నుంచో."

ఆయన చేతిలో చెంచా అలాగే ఉండిపోయింది.

"ఎలా కూర్చుంటానమ్మా? కోటు మీద ఉండగా? సూపర్‌వైజరు చూస్తే..."

"మనింట్లో సూపర్‌వైజరెవరు మామయ్యా?"

ఆయన నిజంగానే తలుపు వైపు చూశారు. ఒట్టు.

ఈ మాటలన్నీ అత్తగారికి వినపడ్డాయి. ఆవిడ లేచి, తన కుర్చీని తనే ఈడ్చుకుంటూ తెచ్చి పాతచోట వేసుకున్నారు. కూర్చుని, చెంగు సర్దుకుని, కొడుకు ముందున్న గంట లాక్కుని కొట్టారు. ఎప్పుడూ కొట్టలేదు దాన్ని ఆవిడ. గట్టిగా కొట్టారు.

మామగారు తువాలు సర్దుకుంటూ పరిగెత్తుకొచ్చారు.

"చెప్పండి మేడమ్."

"ఆర్డరు చెబుతాను, రాసుకుంటారా?"

"గుర్తుంటుంది మేడమ్."

"ఒక గుడ్డు. ఒక రొట్టె. ఒక టీ." ఆవిడ గంట పక్కన పెట్టారు. "ఎదుటి కుర్చీలోకి ఒక మొగుడు."

బుజ్జిది కిసుక్కున నవ్వింది. మామగారు నవ్వలేదు.

"అది... అది లేద..."

"గెస్టుకి లేదనకూడదుగా? ఎవరిదో కుక్కపిల్లకి కుర్చీ వేసి మెడకి గుడ్డ కట్టారు. నేనడిగింది అంతకంటే కష్టమా ఏమండీ?"

మామగారు ఆవిడని చూశారు, కుర్చీని చూశారు. తర్వాత చాలా నెమ్మదిగా, "ఒక్క నిమిషం మేడమ్," అని లోపలికి వెళ్లారు. ఇంక రారేమోననుకున్నాను.

వచ్చారు. కోటు లేదు. తల దువ్వుకున్నారు, ఇంటి చొక్కా తొడుక్కున్నారు. చేతుల్లో రెండు పళ్లాలు. ఒకటి ఆవిడ ముందు పెట్టారు. కుర్చీలోంచి ట్రే తీసి ఎక్కడ పెట్టాలో తెలియక నా చేతికిచ్చారు. ఆ చేతుల కుర్చీ అంచు మీద, పిలిస్తే లేచిపోయేలా, సగం కూర్చున్నారు.

తినడం మొదలుపెట్టారు. అబ్బ, అది తినడమా! నమలకుండా మింగుతున్నారు, ఒక కన్ను తలుపు మీదే ఉంది. ఇన్నేళ్లూ తలుపు చాటున ఎలా తిన్నారో మాకందరికీ అప్పుడు కనపడింది. మా ఆయన తల దించుకున్నాడు. వెన్న గిన్నె తనే జరుపుకున్నాడు.

"మెల్లగా తినండి," అన్నారు అత్తగారు. "ఎవరూ రారు."

ఆయన వేగం తగ్గింది. వెనక్కి జారి, కుర్చీ చేతుల మీద మోచేతులు ఆనించారు. నోట్లో ఉన్నదాన్ని మొదటిసారి నమిలారు. నములుతూ నములుతూ ఆగిపోయారు. పళ్లెంలోకి చూశారు. టీ ఒక గుక్క తాగి కప్పులోకి కూడా చూశారు.

"ఇదా," అన్నారు, "ఇన్నాళ్లూ నేను మీకు పెట్టింది?"

మేమందరం ఎవరి పళ్లెంలోకి వాళ్లం చూసుకున్నాం.

"అడిగాను కదా రోజూ, బాగుందా అని! ఒక్కరైనా చెప్పలేదేం?"

"చెబితే ఇంకోటి తెచ్చేవారు," అన్నారు అత్తగారు, ఉప్పు గిన్నె ఆయన వైపు జరుపుతూ. "కూర్చునేవారు కాదు."