తీగ చివరి ఇల్లు

ఆయన్ని వీధంతా తీగల మావయ్య అనేది. అంతకుముందు టీవీలు బాగుచేసేవాడు. పురపాలక సంఘం జనం సొమ్ముతో సొంత ఇంటర్నెట్ వేసిన ఏడు, ఈ వీధి పని ఆయన చేతిలో పెట్టారు.

ఎవరి గుమ్మం ముందు గుంట వాళ్ళే తవ్వారు. దర్జీ కత్తెర పక్కన పెట్టి గునపం పట్టాడు. మట్టి చేతులతోనే మెట్ల మీద కూర్చుని కబుర్లాడుకున్నారు. వీధి అంతగా నవ్విన రోజులు మళ్ళీ రాలేదు.

తీగ ఇంటి నుంచి ఇంటికి పాకింది. ఆయన ఇల్లు వీధి మధ్యలో ఉంది. దాన్ని దాటించి చివరిదాకా లాగి, అక్కణ్ణుంచి వెనక్కి తిప్పి తన గోడకు తెచ్చుకున్నాడు.

"మనింటి ముందునుంచే పోతోంది కదండీ, లోపలికి లాగితే ఏం పోయింది?" అంది భార్య.

"మనకి వచ్చిందంటే అందరికీ వచ్చినట్టే. ఇంటింటికీ తిరిగి అడగక్కర్లేదు."

"అబ్బో, బద్ధకానికి మంచి పేరే పెట్టారు."

ఆ తీగలో ఒకటే పద్ధతి. ముందొచ్చింది ముందు పోతుంది. పాఠమా, పాటా, ఎవరిది అని చూడదు.

ఏళ్ళు గడిచాయి. తీగ ముసలిదయింది. భార్య వాళ్ళ అక్కకు పుట్టుకతోనే వినబడదు. అక్కాచెల్లెళ్ళు ఫోన్‌లో ఒకరినొకరు చూసుకుంటూ చేతులతో మాట్లాడుకునేవారు. ఇప్పుడు అక్క చేతులు గాల్లోనే ఆగిపోతున్నాయి.

"ఏదో తిట్టబోయి సగంలో ఆగింది," అంది భార్య.

"సగం చాల్లే."

అప్పుడొక కంపెనీ వచ్చింది. కొత్త తీగ ఉచితంగా వేస్తామంది. అయితే తమ సినిమాలు ముందు పోతాయి, మిగతావన్నీ వాటి వెనక. వద్దంటే మళ్ళీ జనం సొమ్మే పెట్టాలి. ఏది కావాలో సంఘం సభ్యులు ఆ సాయంత్రం తేల్చాలి.

"వాళ్ళ సినిమా అయ్యేదాకా మా అక్క చేతులు కట్టుకు కూర్చోవాలా?" అంది భార్య.

ఇద్దరూ ఫోన్‌లో సమావేశం చూస్తున్నారు. ఫలితం చదవడానికి అధ్యక్షురాలు కళ్ళజోడు పెట్టుకుంది. బొమ్మ బిగుసుకుపోయింది. భార్య ఫోన్‌ను చరిచింది. కళ్ళజోడు కదల్లేదు.

వీధి మొదట్లో ఎవరో ఈల వేశారు. కాసేపటికి దర్జీ ఇంట్లో చప్పట్లు. తర్వాత పక్కింటావిడ గోడ మీదుగా తల పెట్టింది.

"మావయ్యగారూ, మళ్ళీ గునపాలు తీయాలంట. మన సొమ్ముతోనే వేస్తారట."

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. భార్య చూడనట్టు కూర్చుంది.

"ఈసారైనా మనిల్లు కాస్త ముందుకు జరుపుతారా?"

"దర్జీకి నడుం నొప్పి. వాళ్ళ గుంట మనమే తవ్వాలి."

"నేనడిగింది అది కాదు."

"తెలుసు."

ఫోన్‌లో బొమ్మ కదిలింది. వీధంతా అప్పటికే విన్న మాటను అధ్యక్షురాలు మెల్లగా చదివింది.

"మనకీ వచ్చింది," అంది భార్య.