పేరు లేని పంతులమ్మగారు

ఈ ఉదయం కొత్త పుస్తకాల కట్ట విప్పగానే జిగురు వాసన గుప్పుమంది. పైన ఎవరిదో జీవితచరిత్ర ఉంది. ఆధారాల జాబితా ఉందేమోనని అలవాటుగా ముందు చివరి పేజీలు తిప్పాను. ఆ అలవాటు నాకు సుగుణమ్మగారు చేసింది. అప్పట్లో నరసాపురం గ్రంథాలయంలో ఆవిడ లైబ్రేరియన్. నేను కొత్తగా చేరిన సహాయకురాలిని.

"రాసినాయన ఈయనకి ఏమవుతాడో చూడమ్మా. కొడుకా, శిష్యుడా, పడనివాడా? ఈ సంగతులన్నీ ఎక్కడివో చెప్పాడా? చెప్పకపోతే చదువుకోడానికి ఇవ్వు గానీ, రిఫరెన్సు బీరువాలో పెట్టకు," అనేవారు.

ఒకరోజు ఊళ్లో ఆడపిల్లల బడి పెట్టిన పెద్దాయన జీవితచరిత్రను ఆయన కొడుకే రాసి, స్వయంగా తెచ్చి ఇచ్చారు. సుగుణమ్మగారు నిలబడే చదవసాగారు. బడి మొదలైన అధ్యాయం దగ్గర ఆగిపోయారు. తొలి రెండేళ్లూ ఆ బడి తాటాకు పాకలో నడిచిందట. అప్పుడు పాఠాలు చెప్పింది సుగుణమ్మగారి తల్లేనట. పుస్తకంలో ఆమె ఊసే లేదు.

"పక్కన పెన్సిలుతో రాసేయండి మేడమ్," అన్నాను కోపంగా.

"అమ్మ చెప్పగా విన్నానే గానీ నేను చూళ్లేదు కదమ్మా. వాళ్ల నాన్న గురించి ఆయన రాసుకున్నారు. మా అమ్మ గురించి నేను రాసుకుంటే తేడా ఏంటి?"

బడి పాత రిజిస్టర్లను చెదలు తినేశాయి. ఆ పాకలో చదువుకున్న ముసలావిడ ఒకరు మొగల్తూరులో ఉన్నారని తెలిసి ఇద్దరం బస్సెక్కాం. ఆవిడకు చూపు సరిగా ఆనడం లేదు. "పంతులమ్మగారు ఒకావిడ ఉండేవారండి. అక్షరాలు దిద్దిస్తూ పాడేవారు. పేరే... నోటిదాకా వచ్చి ఆగిపోతోందండి," అన్నారు.

సుగుణమ్మగారు చాలాసేపు ఎదురుచూశారు. ఆ పేరు మాత్రం అందించలేదు.

"ఒక్క మాట చెప్పుంటే గుర్తొచ్చేది కదండీ," అన్నాను బస్సులో.

"నేను చెబితే అవునంటారు. అది సాక్ష్యం కాదమ్మా," అని కిటికీ వైపు తిరిగారు. ఊరొచ్చేదాకా కొంగు కళ్ల మీంచి తీయలేదు.

ఆ పుస్తకం మామూలు బీరువాలోకే వెళ్లింది. కార్డు మీద ఆవిడ రాసింది రెండే ముక్కలు: "రచయిత కుమారుడు. ఆధారాలు చూపలేదు."

రిటైరయ్యాక ఆవిడ ఒంటరిగానే బతికి, ఒంటరిగానే పోయారు. సంతాపసభకు ఆవిడ జీవితం ఒక పేజీలో రాయమని నన్ను అడిగారు. పెళ్లెందుకు చేసుకోలేదో తలా ఒక కథ చెప్పారు. నేను అవేవీ రాయలేదు. మొగల్తూరు ప్రయాణం ఒక్కటీ, చూసింది చూసినట్టు రాశాను. తల్లి సంగతి దగ్గర "ఆవిడ చెప్పగా విన్నాను" అని చేర్చి, ఆమె పేరు రాయబోయి ఆగాను.

నాకా పేరు తెలియదు. పదకొండేళ్లు పక్కపక్కన కూర్చుని నేనెప్పుడూ అడగలేదు. అడుగుదామంటే ఇప్పుడు ఆ ఇంట్లో ఎవరూ లేరు.

అప్పటినుంచీ ఎవరు తమ అమ్మ గురించి చెప్పబోయినా, ముందు ఆమె పేరు అడిగి రాసుకుంటున్నాను.