బొట్టు కింద బోల్టు

పటమటలో మా ఇంటికి దగ్గరున్న గ్రంథాలయంలో సైకిళ్ల గురించీ యంత్రాల గురించీ దొరికిన పుస్తకాలన్నీ చదివాను. పదో తరగతితో బడి మానేసిన నేను బోల్టు అసలు ఎందుకు పట్టుకుంటుందో తెలుసుకున్నది అక్కడి కిటికీ పక్క బల్ల దగ్గరే. అంత చదివినా, ఒక ఆదివారం మా ఇంటి ముందు జరిగిన సంగతి మాత్రం వాటిలో ఎక్కడా లేదు. రేపు ఇంకెవరైనా అదే బల్ల దగ్గర కూర్చుని దాని కోసమే వెతుక్కోవచ్చు. అందుకని రాసిపెడుతున్నాను.

మా ఆవిడకి ఒక రక్తపరీక్షల లాబ్‌లో ఉద్యోగం వచ్చింది. ఇళ్లకి వెళ్లి రక్తం తీసుకురావాలి. సైకిలైనా సరే, సొంత బండి ఉంటేనే రమ్మన్నారు. సోమవారం పొద్దున్నే చేరాలి. శనివారం వన్ టౌన్‌లో పాత సైకిళ్లమ్మే కొట్లో ఒకటి కొన్నాం. వెనకటి వాళ్లెవరో భక్తులు. హ్యాండిల్ మధ్యలో పసుపూ కుంకుమా అలాగే ఉన్నాయి.

ఆదివారం పొద్దున సైకిల్‌ని తలకిందులుగా నిలబెట్టి బోల్టులు బిగించబోయాను. ముందు చక్రానికి పట్టిన పానా వెనక చక్రానికి పట్టదు. సీటు కింద నట్టుకి రెండూ పట్టవు. బ్రేకు దగ్గర పానాతో పనే లేదు, తల లోపల ఆరుపలకల గుంట, దానికి ఎలెన్ కీ కావాలి. ఎడమ పెడల్ అయితే అన్నిటికీ ఎదురు. కుడికి తిప్పితే ఊడుతుంది, ఎడమకి తిప్పితే బిగుస్తుంది. తొక్కే కాలే దాన్ని వదులు చేయకుండా ఎవరో అలా ఆలోచించి పెట్టారని చదివినప్పుడు కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. కానీ వీధిలో గొంతుక్కూర్చుని చేతులు మసి చేసుకుంటుంటే ఆ ఆశ్చర్యం అంతగా పనికిరాలేదు.

పక్కవాటా బాబాయిగారు ఎలెన్ కీలు కూడా ఉన్న తన పానాల డబ్బా ఇచ్చి, అరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

"ఏరా, ఇంకా అదే నట్టా? ఆ పుస్తకం పెట్టి తిప్పి చూడు, తిరుగుద్దేమో!"

కనబడ్డవన్నీ ఎలాగో బిగించాను. మా ఆవిడ సందు చివరిదాకా బాగానే తొక్కింది. మలుపు దగ్గర హ్యాండిల్ తిరిగింది. చక్రం తిరగలేదు. సైకిల్ తిన్నగా వెళ్లి గోడకి కొట్టుకుంది. మోచేయి దోక్కుపోయింది.

దులుపుకుంటూ వచ్చి అంది: "ఇక్కడ గోడ కాబట్టి సరిపోయింది. రేపు రోడ్డు మీద ఇలా అయితే లారీ ఉంటుందండీ. నేనీ బండెక్కను. ఉద్యోగం లేదనుకుంటా, అంతే."

సందు చివర సైకిల్ షాపు ఆదివారం తెరవరు. ఏం చేసినా ఆ సాయంత్రంలోపు నేనే చేయాలి.

హ్యాండిల్ గొట్టం లోపల ఒక చీలలాంటి ముక్క ఉంటుందనీ, పైనున్న పొడుగాటి బోల్టు బిగిస్తే అది పైకి లాగుకొచ్చి గొట్టాన్ని లోపలినుంచి పట్టేస్తుందనీ నాకు తెలుసు. ఆ బోల్టు తలే అర్థం కాలేదు. నున్నగా, గుండ్రంగా, నడుమ బొట్టుతో ఉంది. ఏ పానా పట్టదు. కటింగ్ ప్లేయర్‌తో పట్టుకుంటే జారిపోతోంది.

"తల లేని బోల్టు కూడా ఉంటుందా బాబాయిగారూ?"

"నన్నడుగుతావేంట్రా? ఊళ్లో పుస్తకాలన్నీ చదివింది నువ్వు!"

మా ఆవిడ మోచేతికి పసుపు అద్దుకుని వచ్చి హ్యాండిల్ మీదికి వంగింది. బొట్టుని గోటితో గీకింది. పెచ్చు ఊడింది. ఇంకాస్త గీకింది.

"ఏవండీ, బొట్టు ఇంత లోతుంటుందా? ఇది గుంట. పసుపుతో పూడిపోయింది. మన గడప చెక్కడంలో కూడా ఇలాగే పేరుకుంటుంది చూడండి."

ప్రతి దసరాకీ ఆయుధపూజ నాడు ఎవరో శ్రద్ధగా సరిగ్గా ఆ నడుమ గుంటలోనే బొట్టు పెట్టారు. బొట్టు కోసమే చేసిన చోటనుకుని ఉంటారు. ఏటికేడు పొర మీద పొర పడి, అది రాయిలా గట్టిపడింది.

తను కొబ్బరినూనె వెచ్చచేసి రెండు చుక్కలు వేసింది. కాసేపాగి పిన్నీసుతో తవ్వడం మొదలుపెట్టింది. పసుపు, ఎరుపు, మళ్లీ పసుపు పొడిగా రాలాయి. అడుగున ఆరు పలకలు బయటపడ్డాయి. ఎక్కడా తుప్పు లేదు, కొత్త వెండిలా మెరుస్తున్నాయి. బాబాయిగారు కూడా కుర్చీలోంచి లేచొచ్చి వంగి చూశారు.

నేను ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య ఇరికించి హ్యాండిల్ తిన్నగా నిలిపాను. ఎలెన్ కీ గుంటలో ఒదిగి కూర్చుంది. తిప్పాను. బోల్టు మర అంటే కడ్డీకి చుట్టిన వాలు. నిటారుగా ఎక్కలేని బండి ఘాట్ రోడ్డు మీద కొండ చుట్టూ తిరిగి అమ్మవారి గుడికి చేరినట్టు, వేలెడంత ఇనుప ముక్కతో నేను తిప్పుతుంటే కంటికి కనబడని గొట్టంలో ఆ చీల కొంచెం కొంచెంగా పైకి వస్తోంది. చదివినప్పుడు తెలిసింది. ఇప్పుడు నా అరచేతికి తగిలింది. ఇక తిరగనని ఇనుము చెప్పినచోట ఆగాను. ఒక మనిషి ప్రాణం నిలబడేది ఇంత చిన్న వాలు మీదనా అనిపించింది.

మా ఆవిడ నన్ను చక్రం పట్టుకోమని, హ్యాండిల్‌ని తన బలమంతా పెట్టి అటూ ఇటూ మెలితిప్పి చూసింది. కదల్లేదు. అప్పుడు ఎక్కింది. అదే మలుపు తిరిగి కనుమరుగైంది, అటునుంచి చుట్టి బెల్లు కొట్టుకుంటూ వచ్చింది. సోమవారం ఆ సైకిల్ మీదే వెళ్లింది. ఇప్పటికీ వెళ్తోంది.

సాయం చేసినవాళ్లని పేరుపేరునా తలుచుకుందామంటే, పేర్లు రాయొద్దని ఇంట్లో ఆజ్ఞ. కాబట్టి డబ్బా ఇచ్చినందుకూ, నోరు ఊరుకోనందుకూ పక్కవాటా బాబాయిగారికి. తిరిగివ్వడం ఆలస్యమైనా పుస్తకాలు ఇచ్చే గ్రంథాలయం మేడం గారికి. గోటితో గీకి చూసిన మా ఆవిడకి. ఏటేటా ఆ గుంటలో బొట్టు పెట్టిన, నేనెప్పుడూ చూడని ఆ ఇంటివాళ్లకి కూడా నమస్కారం. అమ్మా, మీ పసుపే ఆ బోల్టుని తుప్పు పట్టకుండా కాపాడిందేమో. ఈ దసరాకి మా ఆవిడ బొట్టు బెల్లు మీద పెట్టింది. బోల్టుకి దణ్ణం పెట్టి ఊరుకుంది.