అమెరికా ఆవిడకి బెజవాడలో రెండు నిమిషాలు

నేను చెప్పేవాటిలో సగం అబద్ధాలని మా బజారంతా ఎరుగుదురు. మిగతా సగం కూడా అబద్ధాలేనని మా ఆవిడ అంటుంది. బెజవాడలో నాకో ఫ్లెక్సీల షాపుంది. పుట్టినరోజులు, ఓణీల ఫంక్షన్లు, పెద్దకర్మలు, ఎలక్షన్లు, ఏదైనా సరే, ఎవరి మొహం ఎంత సైజులో కావాలంటే అంత సైజులో వేసిస్తాను. ఒకసారి గాలివానకి మేం వేసిన అభ్యర్థి ఫ్లెక్సీ లేచిపోయి కొండపల్లి అవతల థర్మల్ స్టేషన్ గొట్టానికి చుట్టుకుందనీ, ఆయన ముక్కులోంచి పొగ వస్తుంటే జనం అదీ ప్రచారమే అనుకుని ఓట్లేసి గెలిపించారనీ చెబుతుంటాను. టీ కొట్టు దగ్గర ఇది బాగా చెల్లుతుంది. ఇప్పుడు రాసేది చెల్లే సరుకు కాదు. దీన్ని కూడా కాస్త సాగదీసి నవ్వించే కథ చేద్దామని చాలాసార్లు చూశాను. సాగలేదు.

మా పిన్ని, అంటే మా అమ్మ చెల్లెలు, ఉయ్యూరులో ఉంటుంది. రోజూ బస్సులో బెజవాడ వచ్చి ఆడపిల్లల కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరయింది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళకి "తీరిక దొరకలేదండీ" అనేది. ఆ తీరికంతా ఎక్కడికి పోయిందో మా ఇంట్లోవాళ్ళకి తెలుసు. వందేళ్ళ కిందట అమెరికాలో ఉండిన ఒక కవయిత్రి దగ్గరికి పోయింది.

పిన్ని చెప్పగా వినీ వినీ ఆ కవయిత్రి మాకు దూరపు చుట్టంలా అయిపోయింది. అక్కడెక్కడో నది ఒడ్డున చిన్న ఊరు. తండ్రిది ధాన్యం వ్యాపారం. ఈవిడ పేపరాఫీసులో ప్రూఫులు దిద్దుతూ, మధ్యలో దొరికిన ఖాళీలో కవితలు రాసుకునేది. బట్టలారేసే తాడు మీద, పొయ్యి మీద, చలికి గడ్డకట్టిన నది మీద. పత్రికలు వేసుకున్నాయి. పుస్తకం వస్తే జనం కొనుక్కున్నారు. ఊళ్ళవాళ్ళు పిలిచి చదివించుకున్నారు. విమర్శ రాసే పెద్దమనుషులు మాత్రం "తియ్యగా రాస్తుంది" అని ఊరుకున్నారు.

"తియ్యగా రాస్తుందట! ఆవిడేమన్నా మిఠాయి కొట్టు పెట్టిందంట్రా?" అని పిన్ని, ఆ మాట ఎవరో ఇప్పుడే తన మొహం మీద అన్నట్టు మండిపడేది.

తర్వాత ప్రపంచ యుద్ధం వచ్చింది. కవిత్వంలో ఫ్యాషను మారింది. అర్థం కాకుండా రాసే మగవాళ్ళు మహాకవులయ్యారు. సంకలనాల్లోంచి ఈవిడ కవితలు ఒక్కొక్కటే జారిపోయి, ఆఖరికి పేరు కూడా జారిపోయింది. ప్రేమలో దెబ్బ తిని ప్రాణం తీసుకుని ఉంటే గుర్తు పెట్టుకునేవాళ్ళేమో. ఆవిడ ఆ పని చెయ్యలేదు. అదే ఊళ్ళో లైబ్రరీలో ఉద్యోగం చేసి, ముసలిదై, అందరికీ వచ్చే జబ్బుతోనే పోయింది. పోయిన మర్నాడు పేపర్లో ఫలానా ధాన్యం వ్యాపారి కూతురు మరణించిందని వేశారట. ఈ ముక్క దగ్గరికి వచ్చేసరికి పిన్ని కళ్ళజోడు తీసి తుడుచుకునేది. ఏడుపుతో కాదు. కోపం వస్తే ఆవిడ కళ్ళజోడు తుడుచుకుంటుంది.

ఆ కవితలన్నిటినీ పిన్ని తెలుగు చేసింది. ఒకసారి కాదు, నచ్చక మళ్ళీ, మళ్ళీ నచ్చక మళ్ళీ. పుస్తకాలు వేసేవాళ్ళు "ఆవిడెవరండీ? సినిమా ఏమన్నా వచ్చిందా ఆవిడ మీద?" అని అడిగారు. బెజవాడ సాహిత్య సభల్లో పిన్నికి చిన్నప్పుడు ప్రార్థనా గీతం ఇచ్చేవాళ్ళు. గొంతు బాగుండేది. వయసు మళ్ళాక వందన సమర్పణ ఇచ్చారు. మొదలుకీ చివరకీ మధ్య ఉండే సభలో ఆవిడ నోరు విప్పే సందర్భం ఎప్పుడూ రాలేదు.

కిందటి శీతాకాలంలో పిన్ని మెడలో గడ్డ కనపడింది. థైరాయిడ్ అన్నారు, ఆపరేషన్ అన్నారు. గొంతుకి వెళ్ళే నరం అక్కడే ఉంటుందనీ, జాగ్రత్తగానే చేస్తామనీ, అయినా మాట మునుపటిలా ఉంటుందని హామీ ఇవ్వలేమనీ డాక్టరు గారు చెప్పారు. పిన్ని విని తలాడించి, బయటికొచ్చాక నాతో అంది.

"అబ్బాయ్, ఆపరేషన్‌కి ముందు ఒక్కసారి ఆవిడ కవితలు మైకులో చదవాలిరా. మనుషుల ముందు."

"నా ఫోనుంది కదా పిన్నీ. ఇప్పుడే రికార్డు చేస్తాను, ఎన్ని కావాలంటే అన్ని చదువు."

"ఫోనుకెందుకు చదవడం? ఫోను తల ఊపుతుందా? నచ్చకపోతే లేచి పోతుందా?"

మార్చిలో మహిళా దినోత్సవం ఉంది. సాహిత్య సంస్థవాళ్ళకి ఏటా ఆ ఒక్కరోజు ఆడవాళ్ళు గుర్తొస్తారు. నేను వెళ్ళి బతిమాలితే అమెరికా కవయిత్రి మీద సభ పెట్టడానికి ఒప్పుకున్నారు. ఫ్లెక్సీ ఖర్చు నాదే అన్నాక ఇంకా గట్టిగా ఒప్పుకున్నారు. పిన్ని వంటింట్లో నిలబడి, అన్నం కుక్కర్‌కి వినిపిస్తూ చదవడం మొదలుపెట్టింది. తనకి అన్నిటికంటే ఇష్టమైనది చిన్న కవిత.

"నదికి గట్టు కట్టి, ఇది మా ఊరి నది అన్నారు.
నాకు ఇల్లు కట్టి, ఇది నీ ఇల్లు అన్నారు.
నది ఏమీ అనలేదు.
వానాకాలం దాకా ఆగింది."

ఆ చివరి పంక్తి దగ్గర పిన్ని కాస్త ఆగి, గొంతు తగ్గించి చదివేది. బ్యారేజీ మీద నుంచి రోజూ పోయేవాణ్ణి, కృష్ణ వరదలు చూసినవాణ్ణి, ఉయ్యూరు వెళ్ళి విన్న ప్రతిసారీ నాకు ఒళ్ళు జలదరించేది. కవిత్వం విని నాకు ఏమన్నా అయిందంటే అది అప్పుడే.

ఫ్లెక్సీ డిజైనుకి సంస్థ కార్యదర్శి గారు షాపుకొచ్చారు. కంప్యూటర్ తెరమీద అమెరికా ఆవిడ ఫోటో చూసి పెదవి విరిచారు.

"బ్లాక్ అండ్ వైటేంటండీ, కలర్ కొట్టండి. నుదురు కూడా బోసిగా ఉంది. చిన్న బొట్టు పెడితే ఏమంటారు?"

"బొట్టొద్దులెండి. ఊళ్ళో వాళ్ళు మీ మేనత్త గారనుకుంటారు."

"సరే, మీ ఇష్టం. ముఖ్య అతిథి గారి ఫోటో మాత్రం పెద్దదెయ్యండి. ఆయన కొలతలు చూసుకుంటారు."

"సభ ఆవిడ మీద కదండీ?"

"ఆవిడొచ్చి చూస్తుందా ఏంటండీ?"

"మరి మా పిన్ని ఫోటో?"

"మేడం గారు అలాంటివాటికి అతీతులండీ" అన్నారు, చాలా గౌరవంగా.

సభరోజు పిన్ని పొద్దున్నే ఉయ్యూరు నుంచి దిగింది. ఆకుపచ్చ అంచు నేత చీర, చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో కాగితాలు, మిరియాల పాల ఫ్లాస్కు. హాల్లోకి వెళ్ళేసరికి వేదిక వెనక నా ఫ్లెక్సీ కట్టేశారు. ముఖ్య అతిథి గారు రంగుల్లో నవ్వుతున్నారు. పక్కన నలుపూ తెలుపూలో అమెరికా ఆవిడ. పూలు తెచ్చిన మనిషి ఆ పాత ఫోటో చూసి, ఇది సంతాప సభ అనుకున్నట్టున్నాడు. అతిథి గారి కోసం తెచ్చిన బంతిపూల దండ తీసుకుపోయి ఆవిడకి వేసేశాడు. జ్యోతి వెలిగించే కుందె కూడా సరిగ్గా దాని కిందే వచ్చింది. లోపలికొచ్చినవాళ్ళు వచ్చినట్టే చెప్పులు గుమ్మంలో వదిలి, ఫోటోకి దణ్ణం పెట్టుకుని కూర్చుంటున్నారు. పిన్ని చూసి నవ్వింది. "పోనీలేరా, ఇన్నాళ్ళకి దండ పడింది పాపం" అంది.

సభ గంటన్నర ఆలస్యంగా మొదలైంది. అధ్యక్షులు గారు మహిళ అంటే మాతృమూర్తి అన్నారు. రెండో వక్త మహిళ అంటే భూదేవి అన్నారు. ముఖ్య అతిథి గారు తన అమెరికా యాత్ర ఎత్తుకున్నారు. జలపాతం చూశారు, ఆవకాయని ఎయిర్‌పోర్టులో ఆపారు, అక్కడ రోడ్లు అద్దంలా ఉన్నాయి. కవయిత్రి ఊరు ఆ దేశంలోనే ఉందన్నది తప్ప ఆవిడ ప్రసక్తి రాలేదు. అబద్ధాల్లో పండినవాణ్ణి, ఒక మనిషి నిజాలే చెబుతూ ఇంత సేపు ఏమీ చెప్పకుండా ఉండగలడని నాకు ఆరోజే తెలిసింది. పిన్ని వేదిక మీద చివరి కుర్చీలో కూర్చుని, ఫ్లాస్కు మూతలో పాలు పోసుకుని గుక్క గుక్కగా గొంతు తడుపుకుంటోంది.

సాయంత్రం అదే హాల్లో ఎవరిదో నిశ్చితార్థం. డెకరేషన్ వాళ్ళు గుమ్మం దగ్గరికొచ్చి గులాబీల ఆర్చి పట్టుకుని నిలబడ్డారు. అధ్యక్షులు గారు వాచీ చూసుకుని మైకందుకున్నారు.

"సమయాభావం వల్ల మేడం గారి ప్రసంగాన్ని మరో సందర్భంలో ఏర్పాటు చేసుకుందాం. వారు అన్యథా భావించరని నాకు తెలుసు." వెనక్కి తిరిగి ఫ్లెక్సీ వంక చూశారు. దండ చూశారు, దీపం చూశారు. గొంతు బరువెక్కింది. "ఆ మహా కవయిత్రి ఆత్మకి శాంతి కలగాలని రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం. అందరూ లేచి నిలబడండి."

జనం లేచారు. గులాబీల ఆర్చి కింద పెట్టేసి డెకరేషన్ వాళ్ళు కూడా చేతులు కట్టుకున్నారు. పొద్దుటి నుంచి లేని నిశ్శబ్దం వచ్చింది. ఫ్యాన్ల చప్పుడు వినపడింది.

పిన్ని లేచి మైకు దగ్గరికి వెళ్ళింది. కాగితాలు తియ్యలేదు. ఆవిడకి కాగితం అక్కర్లేదు.

"నదికి గట్టు కట్టి, ఇది మా ఊరి నది అన్నారు. నాకు ఇల్లు కట్టి, ఇది నీ ఇల్లు అన్నారు."

ముందు వరసలో తలలు లేచాయి. శవం దగ్గర ఫోను మోగితే చూసే చూపు అది. ఎవరో "ష్" అన్నారు.

"నది ఏమీ అనలేదు."

అక్కడ అలవాటు ప్రకారం పిన్ని ఆగింది. ఆ కాస్త ఆగడంలోనే అధ్యక్షులు గారు చెయ్యి చాపి మైకు మూసేశారు. "మేడం, మౌనం" అని నెమ్మదిగా, పసిపిల్లకి చెప్పినట్టు చెప్పారు. పిన్ని ఆయన చేతి వంక చూసింది. తర్వాత హాలు వంక చూసింది. అంత మంది నిలబడి, తలలు వంచుకుని, ఆ కవయిత్రి గౌరవార్థం ఆవిడ మాట వినకుండా కాపలా కాస్తున్నారు. పిన్ని కూడా తల వంచుకుని నిలబడింది. నేను మూడో వరసలో ఉన్నాను. కేకేద్దామనుకున్నాను. వెయ్యలేదు. మౌనం కదా.

"శాంతి" అన్నారు అధ్యక్షులు గారు. కుర్చీలు జరిగాయి. పిన్ని కళ్ళజోడు తీసి తుడుచుకుంటోంది.

మెట్లు దిగుతుంటే, చేతిలో టిఫిన్ పొట్లంతో ఒకాయన నన్ను ఆపారు.

"ఆవిడ ఎప్పుడు పోయారండీ, పాపం?"

"ఇందాకేనండీ. మీరంతా లేచి నిలబడ్డప్పుడు."

"అయ్యయ్యో" అన్నారాయన.

తర్వాతి వారమే ఆపరేషన్ అయింది. గడ్డ ప్రమాదం లేనిదే అన్నారు. గొంతు మాత్రం తిరిగి రాలేదు. గాలి వస్తుంది, మాట రాదు. చెవి దగ్గర పెడితే కొంచెం తెలుస్తుంది. కొన్ని నెలలకి రావొచ్చు, రాకపోవచ్చు అన్నారు. పిన్నిని కారులో ఉయ్యూరు తీసుకెళ్తుంటే, ఊరు ఇంకా కొంచెం దూరం ఉందనగా ఆవిడ నా భుజం తట్టి బయటికి చూపించింది.

రోడ్డు పక్కన చెరుకు రసం బండి. ఎండ పడకుండా పైన కట్టింది నా ఫ్లెక్సీయే. మా వృత్తిలో ఇది మామూలే, సభ అయ్యాక ఏ ఫ్లెక్సీ ఏ పాక మీద తేలుతుందో చెప్పలేం. ముఖ్య అతిథి గారిని సగానికి మడిచి కర్రకి కట్టేశారు. అమెరికా ఆవిడ మాత్రం పూర్తిగా, బోసి నుదురుతో, రోడ్డు మీద వచ్చేపోయే బస్సుల్ని చూస్తోంది.

పిన్ని దిగింది. బండామె మాకు రెండు గ్లాసులు పట్టడానికి గడలు మిషన్లో దోపింది. పిన్ని తలెత్తి ఫోటోనే చూస్తుంటే ఆమె అడిగింది.

"ఎవరండీ ఆవిడ? మీకు తెలిసినావిడా? పొద్దస్తమానం నా నెత్తిమీదే ఉంటది, ఎవరో ఏంటో తెలవదు."

ఇన్నేళ్ళలో పిన్నిని ఆ మాట తెలుసుకుందామని అడిగినవాళ్ళు లేరు. నా నోట్లో అప్పటికే ఓ కథ తయారైంది. ఆవిడ అమెరికాలో రాణి అని, మా పిన్నికి అక్క వరస అని. పిన్ని చెయ్యెత్తి నన్ను ఆపింది. బండి దగ్గరగా వంగి, మెడ మీద కుట్ల మచ్చ బిగిసేలా, పెదాలు కదిపింది. ఏం చెబుతోందో నాకు తెలుసు. "నది ఏమీ అనలేదు" దగ్గర ఆగింది. ఆగి, మిగిలిన పంక్తి కూడా చెప్పింది.

మిషన్ కరకరమంటూ తిరుగుతోంది. బండామె చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది.

"గట్టిగా చెప్పండమ్మా, వినపడట్లా."