వెన్న రెండుసార్లు

నాంపల్లి స్టేషన్లో రైలు దిగుతున్నప్పుడు నా కళ్ళు ఒక్క ట్రంకు పెట్టె మీదే ఉన్నాయి. అందులో మా నాన్న నాకిచ్చిన గ్రామఫోను, దాని ప్లేట్లు ఉన్నాయి. పాటల ప్లేట్లన్నమాట. కృష్ణా జిల్లాలో మావైపు అందరం ప్లేట్లనే అంటాం. మా ఆయన ఉద్యోగం కర్నూలు నుంచి హైదరాబాదుకు మారింది. ఆయన ముందొచ్చి గది చూశాక నేను పుట్టింటి నుంచి వచ్చాను. నేను చదివింది ఐదో తరగతి, రాయడం ఇదే మొదలు. అయినా ఈ ఒక్క సంగతి చెప్పకుండా ఉండలేను.

గదిలోకి వెళ్ళగానే పెట్టె తీశాను. మిగతావన్నీ బాగానే ఉన్నాయి. నా ప్రాణమైన ప్లేటు మాత్రం రెండు ముక్కలైంది.

అది యశోద కృష్ణుణ్ణి వెన్న తినడానికి పిలిచే పాట. పాట నాకు నోటికి వచ్చు. కానీ మధ్యలో పిల్లనగ్రోవి వస్తుంది, అది మాత్రం నా గొంతులో పలకదు. గిన్నెలు తోముతూ పాడుకుని, సరిగ్గా అక్కడికొచ్చి ఆగిపోయేదాన్ని. రోజులు గడిచేకొద్దీ అదెలా మొదలవుతుందో కూడా జారిపోతోందని భయం పట్టుకుంది. పూర్తిగా పోతే మళ్ళీ ఎక్కడ వింటాను?

పక్క గదిలో ఇంటి యజమానురాలు, పెద్దావిడ, ఉండేది. నా పాట విని విని ఆవిడకూ వచ్చేసింది. బియ్యం ఏరుతూ పాడేది. ఒకరోజు నేను మధ్యలో ఆపి ముక్కు చీదుతుంటే వచ్చింది.

"ఏమైంది బిడ్డా? ఏడుస్తున్నవా ఏంది?"

"నా ప్లేటు పగిలిపోయిందండీ పెద్దమ్మగారూ. పుట్టింటి నుంచి తెచ్చుకున్నాను."

"ఓసి! ప్లేటు కోసం గింత ఏడ్సుడా? జర ఊకో. అబిడ్స్‌ల మస్తు దొరుకుతయ్. రేపు నేనే తెస్త."

నాకు ప్రాణం లేచొచ్చింది! మర్నాడు గ్రామఫోను తుడిచి, కొత్త ముల్లు బిగించి, కీ ఇచ్చి, గుమ్మంలో నిలబడ్డాను. పెద్దమ్మగారు కొంగు చాటున తెచ్చి నా చేతిలో పెట్టింది.

తెల్లటి పింగాణీ ప్లేటు. అంచంతా నీలం పువ్వులు.

"ఏంది అట్ల చూస్తున్నవ్? చిన్నగున్నదా? నాలుగు ఇడ్లీలు పడతయ్ గద!"

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి విరిగిన ముక్కలు చూపించాను.

"నీ ఇల్లు బంగారం గాను! రికాట్ అనాలె! ప్లేటంటే తినేదనుకోనా మరి? మీ ఆంధ్రోళ్ళు పాటలు గూడ తింటరా ఏంది?"

ఇద్దరం పడీ పడీ నవ్వాం. ఆవిడ అప్పటికే మళ్ళీ చెప్పులేసుకుంటోంది.

రిక్షాలో అబిడ్స్ వెళ్ళాం. పెద్ద పోస్టాఫీసు దాటాక రికార్డుల దుకాణం. పాట పేరేమిటని దుకాణాయన అడిగాడు. పేరు నాకెక్కడ తెలుసు! ప్లేటు మీది కాగితం ఎప్పుడో ఊడిపోయింది.

"పేరు తెల్వకుంటే పాడి చూపియ్యమ్మా."

దుకాణం నిండా మగవాళ్ళు. నేను పెద్దమ్మగారి వెనక్కి జరిగాను. పెద్దమ్మగారు మోచేత్తో పొడిచింది. "పాడు బిడ్డా! ఇంట్ల గిన్నెలకు పాడుతవ్. వీళ్ళకు చెవులన్న ఉన్నయ్!"

కళ్ళు మూసుకుని పాడాను. పిల్లనగ్రోవి దగ్గర ఆగి కళ్ళు తెరిచేసరికి దుకాణాయన నిచ్చెన మీదున్నాడు. ఒక రికార్డు తీసి, దుమ్ము దులిపి పెట్టాడు.

అదే! ఆ గొంతే! ఇక రెండు మాటలైతే పిల్లనగ్రోవి వచ్చేస్తుంది. నేను గ్రామఫోను దగ్గరికి జరిగాను. ఇంతలో పెద్దమ్మగారు బల్ల మీద చరిచింది.

"ఆపు, ఆపు! గిది ఖరాబుది. తప్పు పాడింది."

ఆయన గబుక్కున ముల్లు ఎత్తేశాడు. "తప్పేంది?"

"వెన్న వెన్న అనాలె. ఒక్కపారే అన్నది. మా బిడ్డ మంచిగ పాడుతది. ఇంకోటి తియ్!"

అప్పుడు తట్టింది నాకు. మా నాన్న ప్లేటు మీద అక్కడొక గీత ఉండేది. ముల్లు ఒక్కసారి వెనక్కి జారి, ఆ మాట మళ్ళీ పాడి ముందుకు పోయేది. పాటే అంతేమో అనుకుని నేను అలాగే నేర్చుకున్నాను, ఆవిడా అలాగే పట్టుకుంది. "ఇదే సరైందండీ, పెట్టండి, పెట్టండి!" అని దాదాపు అరిచాను.

గీత సంగతి విని దుకాణాయన నవ్వాడు. "గీతే గావాల్నంటే నేను గీకి ఇస్తనమ్మా!"

ముల్లు మళ్ళీ దిగింది. పిల్లనగ్రోవి వచ్చింది. జారిపోయిందనుకున్నదంతా ఎక్కడికీ పోలేదు! ఒళ్ళు ఝల్లుమంది. దుకాణం కాబట్టి ఆగాను గాని, లేకపోతే గంతులేసేదాన్నే.

ఇంటికి రాగానే మళ్ళీ పెట్టాం. పెద్దమ్మగారు పింగాణీ ప్లేటులో ఉప్మా పెట్టించుకుని ఎదురుగా కూర్చుంది. ఆ మాట రాగానే ఇద్దరం గొంతు కలిపి రెండో వెన్న మేమే అన్నాం. పాట ఆగకుండా ముందుకెళ్ళిపోయింది. పిల్లనగ్రోవి దగ్గర పాటను అందుకున్నాం.